ఉక్కు కొలత

బొంబాయి, దాదర్
14 జూన్ 1993

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. నేను మాత్రం ఇక్కడ కొత్త పెళ్ళికొడుకులా తిరుగుతున్నాను. మా ఆఫీసుకి కొత్త కంప్యూటరు వచ్చింది. దానిలో కట్టడాల రూపాలు తయారుచేసే ప్రోగ్రాము ఒకటి వచ్చింది. ఆ రెండింటినీ మా పెద్దాయన, అంటే ఆఫీసు యజమాని, నా చేతిలో పెట్టారు. నాకంటే చిన్నవాళ్ళు కుళ్ళి చస్తున్నారు.

ఇన్నాళ్ళూ మేం గీసినవన్నీ పెట్టెలే అక్కా. నాలుగు గోడలు, పైన పలక. బోర్డు మీద స్కేలు పెట్టి గీసేవాడికి అంతకంటే ఏం తోస్తుంది? ఇప్పుడు తెర మీద ఒక వల పరుచుకుంటుంది. ఆ వలలో ఒక ముడి పట్టుకుని పైకి లాగితే చుట్టూ ఉన్నదంతా దాని వెంట లేస్తుంది, దుప్పటిని మధ్యలో పట్టి ఎత్తినట్టు. నొక్కితే పల్లమవుతుంది. అలా లాగుతూ నొక్కుతూ పోతే మామిడి టెంక, ఆల్చిప్ప, నీళ్ళలో పడుకున్న గేదె వీపు, ఏది కావాలంటే అది. ఎక్కడా మూల అనేది ఉండదు.

లోనావాలా దగ్గర కొండ మీద ఒక ట్రస్టు వాళ్ళు సంగీతసభలకు హాలు కట్టిస్తారట. దానికి నేను గోడా కప్పూ వేరువేరుగా లేకుండా, నేలలోంచి లేచి మళ్ళీ నేలలోకే దిగే రూపం ఒకటి చేశాను. పెద్దాయన చూసి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఈ ఆఫీసులో చేరినప్పటినుంచి అలా కూర్చోవడం అదే మొదలు.

చిక్కేమిటంటే ట్రస్టు వాళ్ళంతా పెద్దవాళ్ళు. తెర మీద చూపిస్తే సినిమా చూసినట్టు చూసి లేచిపోతారు. చేత్తో తడిమి చూసుకునే నమూనా కావాలి. బొంబాయిలో నమూనాలు చేసేవాళ్ళకి అట్టముక్కలతో పెట్టెలు అతికించడమే వచ్చు. నా హాలు చూసి అందరూ చేతులెత్తేశారు. అప్పుడు గుర్తొచ్చాడు మన పక్క క్వార్టరు తవిటయ్య బాబాయి. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా ప్యాటర్నులు చేసిన మనిషి కదా. లోహం పోత పోసే ముందు ఇసుకలో అచ్చు దించే ఆ చెక్క బొమ్మల్లో తిన్నని గీత ఒక్కటైనా ఉండేదా? బడి ఎగ్గొట్టి వాళ్ళ వసారాలో ఆ చెక్కలు తడుముతూ కూర్చునేవాణ్ణి. నువ్వొచ్చి చెవి మెలిపెట్టి లాక్కుపోయేదానివి. నాకు వంపులంటే ఏమిటో తెలిసింది ఆ వసారాలోనే.

ప్రింట్లు పెడుతున్నాను. సొరకాయను చక్రాలుగా తరిగినట్టు హాలును అడ్డంగా కోసిన బొమ్మలు. కొలతలన్నీ అంగుళాల్లో రాశాను. నమూనా మూడడుగుల పొడుగుండాలి. ఖర్చంతా ఆఫీసుదే. బాబాయిని నువ్వే అడగాలి.

నీ తమ్ముడు
వరాహనరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
2 జూలై 1993

చిరంజీవి నరసింహానికి అక్క సరోజాదేవి దీవెనలు.

నీ కంప్యూటరు పెళ్ళి సంగతి చదివి సంతోషించాను. అసలు పెళ్ళి చేసుకోమంటే పదేళ్ళు దాటేసి, చివరికి ఈ సంబంధం కుదుర్చుకున్నావు.

నీ ప్రింట్లు పట్టుకుని ఆదివారం తవిటయ్య బాబాయి ఇంటికి వెళ్ళాను. రిటైరయినప్పటినుంచి ఆయన పని వర్క్‌షాపు గేటు దగ్గర టీ కొట్లో కూర్చుని సైరను మోగినప్పుడల్లా తల తిప్పి చూడడం. నూకాలమ్మ పిన్ని ఆయన్ని చూసి చూసి విసిగిపోయింది. "ఇంటికాడుంటే గోడకేసి సూత్తాడు, బైటికెలితే గేటుకేసి సూత్తాడు" అని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఆయనకి గీత చదవడం వచ్చు గాని అక్షరం రాదు కదా, నీ ఉత్తరం నేనే చదివాను. వంపుల సంగతి నువ్వు రాసిన చోట ఆపి, మళ్ళీ చదవమన్నాడు. తర్వాత ప్రింట్లు అందుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిచేయబోతే "ఉండు తల్లీ" అని అలాగే చూశాడు.

"ఇదేటి, పంపు కేసింగా?" అన్నాడు.

"కాదు బాబాయి, హాలు. మనుషులు కూర్చుని పాటలు వింటారు."

"దీన్లోనా! బాగుంది. ఐతే దీన్ని పోత పోసీది దేంతోటి? ఉక్కా, బీడా?"

పోతా లేదు ఏమీ లేదు, చూపించడానికి బొమ్మ మాత్రమే అని చెప్పాను. ఆయనకి నచ్చలేదు. "అలగెలగ తల్లీ? ఏదో వొకటి అనుకోకపోతే నా సెయ్యి కదల్దు. ఉక్కనుకుంటాను" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నూకాలమ్మ పిన్నీ నేనూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. నీకూ నవ్వొస్తుందని రాస్తున్నాను.

ఆ సాయంత్రమే గోల్‌బజారు వెనక కలప అడితికి వెళ్ళి చెక్క చూసి వచ్చాడు. టీ కొట్టు మానేశాడు.

అక్క


బొంబాయి, దాదర్
5 సెప్టెంబరు 1993

అక్కకు,

ఉక్కు అనుకుంటానన్నాడా! ఆఫీసులో అందరికీ చెప్పాను, పెద్దాయన కూడా నవ్వారు.

నాకు బొత్తిగా తీరిక లేదు. ఈ రూపం ఒకచోట ఆగదు. ఇవాళ బాగుందనుకున్న వంపు రేపు పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఒక ముడి కొంచెం జరుపుతాను. అటు పక్క ఇంకోటి లేస్తుంది. దాన్ని నొక్కుతాను. ఇలా ఎన్నాళ్ళయినా చెయ్యవచ్చు, ఎందుకంటే తెర మీద ఉన్నదానికి బరువు లేదు, పరిమాణం కూడా లేదు. అగ్గిపెట్టంత కావాలంటే ఒక అంకె, కొండంత కావాలంటే ఇంకో అంకె. చివరికి పెద్దాయన కోప్పడి "మొదటి రూపమే ఉంచు, ఇక ముట్టుకోవద్దు" అన్నారు. కాబట్టి నీకు పంపిన కొలతలే ఖాయం. బాబాయికి ఆ మాట చెప్పు.

కింద పెట్టే పీఠం ఇక్కడ తయారవుతోంది. ప్లాస్టిక్కు పలకలతో కొండవాలు చేసి, నమూనా అంచు కూర్చోవడానికి చుట్టూ గాడి తీయిస్తున్నారు. ట్రస్టు వాళ్ళ మీటింగు నవంబరులో. అంతకు ముందే అందాలి. తొందరపెట్టు, కానీ తొందరపెట్టినట్టు తెలియనివ్వకు.

నరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
28 అక్టోబరు 1993

చి. నరసింహానికి,

పెట్టె నిన్న పార్సిలు ఆఫీసులో వేశాం. వేశాం అంటే ఆయన వేయించాడు, నేను వెనకాల నిలబడ్డాను. గడ్డి పరిచి, పాత దుప్పటి చుట్టి, పెట్టెకి నాలుగు వైపులా పైకి ఏ వైపుండాలో బాణం గుర్తులు వేశాడు. పార్సిలు గుమాస్తా ఎత్తి దించబోతే "దాదా, ఆస్తే ఆస్తే" అని మెల్లగా దించమంటూ అతని చెయ్యి పట్టుకున్నాడు.

నరసింహం, అది ఎలా ఉందో నీకు రాయడం నా వల్ల కాదు. విశ్వకర్మ పూజనాటికి సగమే అయింది. ఆయన ఉలులూ బాడిసలూ కడిగి బొట్లు పెట్టి వరసగా పేర్చి, మధ్యలో దాన్ని పెట్టాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ళూ బెంగాలీలూ అందరూ వచ్చి చూశారు. ముట్టుకోని మనిషి లేడు. మా బడి పిల్లల్ని వరసలో తీసుకెళ్ళాను. ఒకత్తి దాని మీద చెంప ఆనించి "మెత్తగుంది టీచర్" అంది. కొయ్య మెత్తగా ఉండటమేమిటని కసురుదామని నేనూ చెయ్యి వేసి చూశాను. నిజంగానే మెత్తగా ఉంది.

ఆ పిల్లకి ఆయన చెప్పిన జవాబు నీకు చెప్పాలి. "ఇది మా నర్సింహం బాబు బొంబాయిలో కలగన్నాడు, నాను సెక్కినాను" అన్నాడు. అంత మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

పెట్టె వెళ్ళిపోయాక నూకాలమ్మ పిన్ని వచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది. "మా ఆయన మల్లీ మనిసైనాడమ్మా. నీ తమ్ముడు సల్లగుండాల" అంది. నువ్వు చేసిన మంచి పనుల్లో ఇదొకటి. వేరేవి ఏమున్నాయో నాకు గుర్తు రావడం లేదు.

చేరగానే రాయి. ఆయన ఇవాళే పోస్టు వేళకి మా వసారాలో వచ్చి కూర్చున్నాడు.

అక్క


బొంబాయి, దాదర్
25 నవంబరు 1993

అక్కకు,

ఈ ఉత్తరం బాబాయికి చదవకు. ముందు నువ్వొక్కదానివీ చదువు.

పెట్టె మీటింగుకు ముందురోజు చేరింది. విప్పగానే ఆఫీసంతా పని ఆపి చుట్టూ చేరింది. పెద్దాయన కళ్ళు మూసుకుని దాని మీద చెయ్యి నడిపించారు. తెర మీద నేను లాగిన ప్రతి వంపూ అందులో ఉంది. నేను కంప్యూటరులో చూడలేకపోయిన సొట్ట ఒకటి బాబాయి చెక్కలో సరిచేశాడు కూడా.

తర్వాత పీఠం మీద పెట్టబోయాం. అది గాడిలో కూర్చోలేదు.

పొడుగులో ముప్పాతిక అంగుళం పెద్దదిగా ఉంది. వెడల్పులోనూ ఆ లెక్కనే పెద్దది. ఒక్కచోట తేడా వస్తే తప్పు చేశాడనుకోవచ్చు. ఇది అన్నివైపులా ఒకే పాలు పెద్దది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు అర్థమై తల కొట్టేసినట్టయింది. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కదా. అందుకని ప్యాటర్నులు చేసేవాళ్ళ స్కేళ్ళ మీద అంగుళమే మామూలు అంగుళం కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. బీడు ఇనుముకి ఒక స్కేలు, ఉక్కుకి అంతకంటే పెద్ద స్కేలు. బాబాయి ఉక్కు స్కేలుతో చేశాడు. ఆయన నీతో చెప్పనే చెప్పాడు, నువ్వు నాకు రాయనే రాశావు. చిన్నప్పుడు ఆ స్కేళ్ళు చేత్తో పట్టుకున్నవాణ్ణి. చదివి నవ్వాను.

తెర మీదైతే ఒక అంకె మార్చేవాణ్ణి. చెక్కను ఏం చెయ్యను? పీఠం మళ్ళీ చేయించడానికి వ్యవధి లేదు. పెద్దాయన అంచు కోసెయ్యమన్నారు. కోస్తుంటే మధ్యకంటా చీలిపోయింది. చివరికి మీటింగులో తెర మీది బొమ్మలే చూపించాం.

ఈ సంగతి బాబాయికి చెప్పకు అక్కా. ఈ వయసులో ఆయన మనసు నొప్పించడం నాకిష్టం లేదు. అందరూ మెచ్చుకున్నారని చెప్పు. అది అబద్ధం కూడా కాదు, మెచ్చుకున్నారు.

నరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
20 డిసెంబరు 1993

చి. నరసింహానికి,

నువ్వు రాసిన ఉత్తరం మడిచి పెట్టి, నువ్వు రాయని ఉత్తరం చదివాను.

ఇంకేం చెయ్యను? ఆయన నాకంటే ముందు పోస్టుమేను చేతిలో కవరు చూశాడు. నీ ఉత్తరం లోపల ఒకసారి చదువుకుని వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, కాగితం పట్టుకుని నోటికొచ్చినట్టు కల్పించాను. నమూనా చూసి ట్రస్టు పెద్దాయన ఒకాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడన్నాను. దాన్ని ఆఫీసు ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టారన్నాను. ఈ పనితనం ఎవరిదని ఊరంతా అడుగుతున్నారన్నాను. నాకు అంత కవిత్వం ఉందని నాకే తెలియదు.

మళ్ళీ చదవమన్నాడు. మొదటిసారి ఏమన్నానో నాకు గుర్తుంటే కదా. ఈసారి ఇద్దరు దణ్ణం పెట్టారన్నాను. "ఇందాకల ఒకరన్నావు తల్లీ" అన్నాడు. నూకాలమ్మ పిన్ని "ఒకరైతే ఏటి, ఇద్దరైతే ఏటి, దండం ఎట్టినారు గదా" అని అడ్డుపడింది గనక బతికిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆయన మార్చిలో రైల్వే పాసు తీసుకుని బొంబాయి మెయిలెక్కి వస్తాడట. అద్దాల పెట్టెలో దాన్ని ఒక్కసారి చూసి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేస్తాడట. నీకు శ్రమ ఇవ్వడట. ఏం చేస్తావో నువ్వే చూసుకో. పిల్లలు ఎక్కాలు తప్పు చెబితే గోడ కుర్చీ వేయించే దాన్ని నేను. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

అక్క


బొంబాయి, దాదర్
18 జనవరి 1994

అక్కకు,

అద్దాల పెట్టె ఎందుకు పెట్టావే! సరే, ఆఫీసుకు మరమ్మతులు జరుగుతున్నాయని, అన్నీ మూటలు కట్టేశారని చెప్పు. ఎండాకాలం వెళ్ళాక చూద్దామను.

ఒక శుభవార్త. ట్రస్టు వాళ్ళు హాలు కట్టడానికి ఒప్పుకున్నారు. సన్నని ఇనప వల మీద సిమెంటు పూసి కడతారు. తెర మీద ఉన్న వల నిజంగా వల అవుతోంది. మూడు ద్వారాల దగ్గర అంచులు మెలిక తిరిగి లోపలికి పోతాయి. ఆ మెలికలకు చెక్క అచ్చులు కావాలి. ఈ పని బాబాయికే ఇవ్వాలని పెద్దాయన్ని పట్టుబట్టి ఒప్పించాను. ఇది చూపించడానికి చేసే బొమ్మ కాదు, కట్టడంలోకి పోయే పని. దీంతో నా మనసులో ముల్లు కూడా పోతుంది.

ప్రింట్లు పెడుతున్నాను. ఈసారి మామూలు స్కేలుతో చెయ్యమని చెప్పు. నొప్పి తెలియకుండా మెల్లగా చెప్పు.

నరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
9 ఫిబ్రవరి 1994

చి. నరసింహానికి,

ప్రింట్లు అందాయి, చూపించాను. బాబాయి చెయ్యలేనన్నాడు. కళ్ళు ఆనడం లేదట. బొంబాయి ప్రయాణం కూడా మానుకున్నాడు. నీకు చెప్పమన్నాడు.

మా బళ్ళో పరీక్షల హడావిడి. వివరంగా మళ్ళీ రాస్తాను.

అక్క


బొంబాయి, దాదర్
3 మార్చి 1994

అక్కకు,

నీ ఉత్తరం నాలుగు ముక్కలు. నువ్వు పోస్టుకార్డు మీద కూడా అంచుల్లో అడ్డంగా రాసే మనిషివి.

కళ్ళు అక్టోబరులో బాగానే ఉన్నాయి కదా? నేనిక్కడ పెద్దాయన ముందు మాటిచ్చి నిలబడ్డాను. ఇప్పుడు అచ్చులు వేరేవాళ్ళకి ఇచ్చారు. వాళ్ళు చేసింది చూస్తే ఏడుపొస్తోంది. నా మెలికలన్నీ మోకాళ్ళలా విరిగాయి. ఒక మంచి పని ఆయన చేతిలో పెడదామనుకుంటే ఆయనే కాదన్నాడని నాకు కొంచెం కోపంగా కూడా ఉంది. దాచను.

నువ్వేమన్నావు, ఆయనేమన్నాడు, ఉన్నది ఉన్నట్టు రాయి.

నరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
2 ఏప్రిల్ 1994

నరసింహం,

ఫిబ్రవరిలో నీకు సగమే రాశాను. ఆ మిగతా సగం రాయడానికి నాకు సిగ్గేసింది. నిన్న నూకాలమ్మ పిన్ని వచ్చి వెళ్ళాక ఇక దాచి లాభం లేదని కూర్చున్నాను.

ఆ రోజు ఆయన కొత్త ప్రింట్లు చూసి హుషారుగానే ఉన్నాడు. వేళ్ళతో గాలిలో మెలికలు తిప్పి చూసుకుంటున్నాడు. అప్పుడు నేను, "ఈసారి మామూలు స్కేలుతో చెయ్యమన్నాడు బాబాయి" అన్నాను. ఎంత మెల్లగా అన్నానో నాకు తెలుసు. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మరి ముందరిది సరిపోయిందా తల్లీ?" అన్నాడు.

అడిగింది తిన్నగా అడిగాడు. నా మొహంలోకి చూసి అడిగాడు. అప్పటికైనా చెప్పి ఉండవలసింది. నేను, "అద్దినట్టు సరిపోయింది బాబాయి, ఉత్తరం చదివాను కదా" అన్నాను. ఉక్కు కొలతతో చేసింది మామూలు గాడిలో కూర్చోదని ఆయనకి తెలియదా? ఆయన ప్రింట్లు మడిచి నా చేతికిచ్చి, "అలగా. సర్లే" అని లేచాడు. గుమ్మం దిగుతూ "నా కళ్ళు ఆనడం నేదని బాబుకి రాయి" అన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. నాది అబద్ధమని ఆయనకి తెలుసు. నేను నీకు ఆయన అబద్ధం మాత్రం రాసి పంపించాను.

నిన్న నూకాలమ్మ పిన్ని ఏడుస్తూ వచ్చింది. ఆయన పనిముట్లన్నీ వర్క్‌షాపులో ఒక బెంగాలీ మిస్త్రీకి ఇచ్చేశాడట. ఉలులు, బాడిసలు, స్కేళ్ళు, ఏమీ మిగల్చకుండా. "నన్నే ముట్టుకోనిచ్చీవోడు కాదమ్మా, ఎత్తి ఇచ్చీసినాడు" అంది. ఏం జరిగిందో నేను చెబితే ఆవిడ నుదురు కొట్టుకుంది. ఆవిడ మాటలే రాస్తున్నాను, విను.

"ఆల్ల షాపులో తప్పు సెయ్యనోడెవుడమ్మా? సెక్క తప్పయితే ఫౌండ్రీవోలు తెచ్చి ఈయన బల్ల మీద ఇసిరీసి అమ్మనా బూతులు తిట్టీవోరు. ఈయనా తిట్టీవోడు. సాయంత్రానికి సరి సేసి ఇచ్చీసీవోడు, కలిసి టీ తాగీవోరు. నన్ను పెల్లి సేసుకున్నకాన్నుంచి సూత్తన్నాను. సెడిన సెక్క తిరిగి రాకపోడం ఆల్లకి తెల్దు. రెణ్ణెల్ల కాడ్నుంచి ఒకటే మాట. తిరిగి పంపనేదంటే నన్ను పనోడి నెక్కలోంచి తీసీసినారు, ముసిలోడని జాలిపడినారు అంటన్నాడు. నాకేటో తెల్లేదు. ఇదా సంగతి!"

మనం ఆయన మనసు నొప్పించకూడదనుకున్నాం నరసింహం. "బాబాయ్, సరిపోలేదు, ఇంకోటి చెయ్యి" అని ఒక్క ముక్క నువ్వు రాసి ఉంటే, అది నేను ఉన్నదున్నట్టు చదివి ఉంటే, ఆయన నిన్ను నాలుగు తిట్టి మర్నాడు అడితికి వెళ్ళేవాడు. నువ్వు ఆయన తప్పు దాచావు. నేను పట్టపగలు, ఎదురుగా కూర్చుని ఆయన్ని మోసం చేశాను. నాదే పెద్ద తప్పు. ఎలా దిద్దుకోవాలో నాకు తెలియడం లేదు.

అక్క


బొంబాయి, దాదర్
19 ఏప్రిల్ 1994

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో టీ కాచే గదిలోకి వెళ్ళాను. నమూనా అక్కడే అటక మీద ఉంది, పాత క్యాలెండర్ల కింద. దించి తుడిచాను. పెద్దాయన చూసి "ఇంకా అది దేనికి?" అన్నారు. అది నాది కాదు, ఇవ్వవలసిన చోట ఇచ్చి వస్తానన్నాను.

మే మొదటివారంలో వస్తున్నాను. నాలుగు రోజులే సెలవు దొరికింది. అంతా తనకి తెలిసిపోయాక తెస్తున్నానని తిడతాడేమో. తిడితే బాగుండును.

నరసింహం


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
11 జూన్ 1994

చి. నరసింహానికి,

నువ్వు వచ్చి వెళ్ళి నెల దాటింది. ఆ రోజు నువ్వు వాళ్ళ వసారాలో తలొంచుకుని కూర్చున్నావు గనక ఆయన మొహం చూడలేదు. నేను చూశాను. అందుకని రాస్తున్నాను.

నువ్వు గోనె విప్పినప్పుడు ఆయన ముందు అంచు తడిమాడు. "ఎవులు కోసినారు?" అన్నాడు. ఆఫీసులో అని నువ్వన్నావు. చీలికలోకి వేలు పోనిచ్చి ఎంత లోతుందో చూసుకున్నాడు. నువ్వు తెచ్చినందుకు ఆయనకి కోపం రాలేదు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆయన మొహం పని చూసుకునే మనిషి మొహంలా అయింది. "ఇంకోటి సేసి పంపీవోణ్ణి గద బాబూ" అన్నాడు. ఆ మాట నువ్వూ విన్నావు. కానీ ఆ మాట అంటూ ఆయన చెయ్యి పక్కనున్న బల్ల మీదికి వెళ్ళింది, ఉలి కోసం. బల్ల మీద ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నువ్వు కాళ్ళకు దణ్ణం పెడితే "లెగు, లెగు, బండి టైమైపోతాది" అన్నాడే, అప్పుడు ఆయన నీకేసి చూడటం లేదు.

నమూనాను నూకాలమ్మ పిన్ని లోపలికి తీసుకుపోయింది. మళ్ళీ దాని మాట ఎవరూ ఎత్తలేదు.

నువ్వు ఆయన పేర రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. ఎప్పటిలాగే పోస్టుమేను మా ఇంట్లో ఇచ్చి పోయాడు. నేను కవరు చింపలేదు. అలాగే పట్టుకెళ్ళి, వసారా మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకున్నాను. ఈసారి అక్షరం పొల్లు పోకుండా చదువుదామని, నువ్వేం రాసినా సరే, ఆయన్ని తిట్టి రాసినా సరే చదివేద్దామని నిశ్చయించుకునే వెళ్ళాను.

కవరు చింపబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇలాగియ్యి తల్లీ."

"చదవనా బాబాయి?"

"నువ్వు సదువుతావు. బాగా సదువుతావు" అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. కవరు నా చేతిలోంచి తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. అంత ఎండలో ఎక్కడికని నూకాలమ్మ పిన్ని కేకేసింది.

"గోల్‌బజారు. అక్కడెవులో ఒకరు తెలుగోలుంటారు, సదివి పెడతారు" అని సందు మలుపు తిరిగాడు.

నేను కళ్ళజోడు తియ్యకుండా ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. పిన్ని మంచినీళ్ళిస్తే తాగాను. ఆయన తిరిగొచ్చేదాకా ఉండే ధైర్యం లేక ఇంటికి వచ్చేశాను. సాయంత్రం ఆయన మా ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. పలకరించాడు, బడి ఎప్పుడు తెరుస్తారని అడిగాడు. ఉత్తరం సంగతి ఎత్తలేదు.

నువ్వు ఆయనకేం రాశావో నాకు రాయకు. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతాడు.

అక్క